‘ఛారిటీకే కదా, కాస్త తగ్గించండి!’

ఆదివారం పొద్దున పదిన్నర. ఓ పెద్ద అపార్టుమెంటు క్లబ్‌హౌస్ ముందు షామియానా వేశారు. దాని కింద వరసగా టేబుళ్లు. ఒకదాని మీద చిరుధాన్యాల లడ్డూలు, ఇంకోదాని మీద మగ్గం వర్క్ జాకెట్లు, ఆ పక్కన సువాసనల కొవ్వొత్తులు. నాలుగో టేబుల్ దగ్గర ఒకావిడ కాన్వాసులను కుర్చీల వీపులకు ఆనించి నిలబెడుతోంది. ఆవిడ పేరు ఏదైనా కావచ్చు. బ్యాంకులోనో బడిలోనో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరై, పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయాక బ్రష్షు పట్టిన ఇలాంటి మనిషి ఇప్పుడు ప్రతి కాలనీలోనూ కనిపిస్తుంది. తామర కొలను, ఎడ్లబండి, వానలో చార్మినార్, గడప మీద ముడుచుకుని పడుకున్న పిల్లి. వాటి మధ్య అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిన బోర్డు: ‘వచ్చిన మొత్తం అనాథ పిల్లల వసతి గృహానికి.’

“ఎంతమ్మా ఈ పిల్లి?”

“ఎనిమిది వందలండీ.”

“ప్రింటా?”

“కాదండీ, చేత్తో వేసిందే.”

అడిగినాయన కాన్వాసును వెనక్కి తిప్పి చూశాడు. ఫ్రేము చెక్కను వేలితో తట్టాడు. అప్పుడు బోర్డు చదివాడు. “ఛారిటీకే కదా, ఆరొందలకు ఇచ్చెయ్యండి.”

ఆవిడ ఇచ్చేసింది. ఇలాంటి చోట్ల దాదాపు అందరూ ఇచ్చేస్తారు. ఇంటికెళ్లాక కూడా ఆవిడకు మోసపోయానన్న ఆలోచన రాదు, మంచి పని చేశానన్న తృప్తే ఉంటుంది. ఆ తృప్తిని తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ ఆ బేరంలో ఒక వింత ఉంది. లడ్డూల దగ్గర బేరమాడితే నష్టం లడ్డూలావిడకు, అది ఆయనకూ తెలుసు. బొమ్మ దగ్గర ఆయన తగ్గించమన్న రెండొందలు, బోర్డు చెప్పిన ప్రకారం, అనాథ పిల్లలవి. అయినా నోరు మొహమాటపడలేదు. ఎందుకంటే ‘దానానికి’ అని రాసిన మరుక్షణం ఆ వస్తువు వెనక ఉన్న శ్రమకు సొంతదారు లేకుండా పోయినట్టు కొనేవాడికి అనిపిస్తుంది. అమ్మేవాళ్లకూ అలాగే అనిపిస్తుంది, అసలు చిక్కు అదీ.

సరదాకి బొమ్మలు వేసేవాళ్లు స్టాళ్లు పెట్టడం, వచ్చిన డబ్బు సేవకు ఇవ్వడం మంచిదే. అయితే ఆ బొమ్మకు ముందు సరైన ధర కట్టాలి, దానం సంగతి ఆ తర్వాత. వరస తిరగబడితే నష్టం ముగ్గురికి: వేసినవాళ్లకు, పక్క స్టాల్‌లో అదే పని మీద బతికేవాళ్లకు, చివరికి ఎవరి పేరు బోర్డు మీద రాశారో ఆ పిల్లలకు కూడా.

ముందు ఆ పిల్లి బొమ్మ లెక్క చూద్దాం. ఇది ఊహకు వేసిన లెక్కే అయినా రంగులు కొనే అలవాటున్నవాళ్లు ఇంచుమించు ఒప్పుకుంటారు. పన్నెండు బై పదహారు అంగుళాల కాన్వాసు 300 రూపాయలు. ఎక్రిలిక్ రంగులు 250. వార్నిష్, బ్రష్షుల అరుగుదల 100. బయటి ఫ్రేము 450. మొత్తం 1,100. స్టాలు అద్దె రోజుకు 1,500 అనుకుంటే, పది బొమ్మలు తెచ్చారు కాబట్టి ఒక్కోదాని మీద 150. అంటే పిల్లి ఇంటి గడప దాటి షామియానా కిందికి వచ్చేసరికే దాని మీద 1,250 రూపాయలు ఖర్చయ్యాయి. అమ్మింది 600కి.

పది బొమ్మలూ అదే ధరకు పోయాయనుకుంటే వసతి గృహానికి చేరేది 6,000 రూపాయలు. ఆవిడ చేతి నుంచి పోయింది 12,500. బ్రష్షు ముట్టకుండా, ఆదివారం పొద్దున్నే టేబుళ్లు మోయకుండా, ఇంట్లో కూర్చుని ఆ 12,500 నేరుగా పంపి ఉంటే పిల్లలకు రెట్టింపు పైన అందేది. మధ్యలో మాయమైన 6,500 ఎవరికి చేరింది? బొమ్మలు కొనుక్కెళ్లిన పదిమందికి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆవిడ సొమ్ముతో కొన్నవాళ్లు దాతలయ్యారు. పైగా సగం ధరకు గోడ మీదికి బొమ్మ వచ్చింది.

ఇంత చెప్పినా ఈ లెక్కలో ఆవిడ కూర్చున్న గంటలు ఇంకా చేరలేదు. పిల్లి బొచ్చు మీద వెలుగు పడే చోటు రెండుసార్లు చెడిపోయింది. తెల్లరంగు పూసి, ఆరబెట్టి, మళ్లీ వేసింది. అంతా కలిపి పద్నాలుగు గంటలు. గంటకు వంద రూపాయలు వేసుకున్నా 1,400. ఆ అంకె రాసుకోవడానికి ఆవిడకు సిగ్గు. “ఏదో కాలక్షేపానికి వేసిందేగా” అంటుంది. మన ఇళ్లలో ఆడవాళ్ల చేతిపని మీద ఈ మాట ఎప్పటినుంచో ఉంది. ఆవకాయ పెట్టినా, స్వెటర్ అల్లినా, పెళ్లి పందిట్లో ముగ్గు వేసినా ‘కాలక్షేపమే’. హాబీ అనే ఇంగ్లిష్ మాట వచ్చి ఆ చిన్నచూపుకు కొత్త చొక్కా తొడిగింది, అంతే.

సంత పెట్టే ధరకూ బొమ్మ విలువకూ ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి అమెరికాలో ఒక ముసలావిడ కథ ఉంది. అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్ 1860లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో పుట్టింది. జీవితమంతా పొలం పనే. పెద్ద వయసులో ఊలుతో బొమ్మలు కుట్టేది. కీళ్లవాతంతో వేళ్లు సూది పట్టలేని స్థితికి వచ్చాక, డెబ్బై దాటిన వయసులో రంగుల్లోకి వచ్చింది. ఊళ్లో జాతర లాంటి ప్రదర్శన జరిగితే తను పెట్టిన పండ్ల జామ్ సీసాలూ, వేసిన బొమ్మలూ రెండూ తీసుకెళ్లింది. జామ్‌కు బహుమతి వచ్చింది. బొమ్మల వైపు ఎవరూ చూడలేదు.

తర్వాత ఆ బొమ్మలు హూసిక్ ఫాల్స్ అనే ఊళ్లో ఒక మందుల షాపు అద్దంలోకి చేరాయి. చిన్నవి మూడు డాలర్లు, పెద్దవి ఐదు. 1938లో అటుగా వెళుతున్న లూయిస్ కాల్డర్ అనే కళాభిమాని అక్కడ ఉన్నవన్నీ కొనేసి, ఇంకా కావాలంటూ ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. పది ఉన్నాయని చెప్పారు. తీరా చూస్తే తొమ్మిదే. ఆవిడ ఒక పెద్ద బొమ్మను రెండు ముక్కలుగా కోసి, రెండింటికీ ఫ్రేములు కట్టి, పది లెక్క సరిపెట్టింది. 1940లో న్యూయార్క్ గ్యాలరీలో ఆవిడ సొంత ప్రదర్శన జరిగినప్పుడు వయసు ఎనభై. ప్రపంచం ఆవిడను గ్రాండ్మా మోజెస్ అని పిలిచింది. 101 ఏళ్లు బతికి 1961లో పోయింది. ఆవిడ 1943లో వేసిన ఒక బొమ్మ 2006 వేలంలో పది లక్షల డాలర్లు దాటి పలికింది.

మన కాలనీ స్టాళ్లన్నింట్లో ఒక్కో గ్రాండ్మా మోజెస్ దాగుందని చెప్పడానికి కాదు ఈ కథ. అలాంటివాళ్లు ఎక్కడో ఒకరు. జామ్‌కు బహుమతి ఇచ్చిన జడ్జీలు చెడ్డవాళ్లేం కాదు, వాళ్లకు జామ్ రుచి తెలుసు, బొమ్మ తెలియదు. సంతలో మొదట పలికిన మాటను పట్టుకుని తన పనికి ధర కట్టుకునే మనిషి, ఆ ధరను తనే నిజమని నమ్మడం మొదలుపెడుతుంది. ఆ బొమ్మను కోసి రెండు చేయడానికి ఆవిడ చెయ్యి తటపటాయించలేదంటే, మూడు డాలర్ల ధర ఆవిడ చేత ఏం నమ్మించిందో తెలుస్తుంది.

ఇక పక్క స్టాలు. అపార్టుమెంట్ మేళాల్లో ఈ నష్టం అంతగా కనిపించదు. హైదరాబాద్ మాదాపూర్‌లో 1992 నుంచి ఉన్న శిల్పారామం లాంటి చోట్ల, పండగ సీజన్ ప్రదర్శనల్లో బాగా కనిపిస్తుంది. అక్కడ సిద్దిపేట జిల్లా చేర్యాల నుంచి వచ్చిన, తరతరాలుగా పటాలు వేసే నకాషీ కుటుంబం ఒకటి కూర్చుని ఉంటుంది. వాళ్ల బొమ్మ గుడ్డ దగ్గర మొదలవుతుంది. ఖాదీ గుడ్డకు చింతగింజల పిండి, సుద్దమట్టి, చెట్టు బంక కలిపిన పూత మీద పూత వేయాలి, ఒక్కోటి ఆరాక ఇంకోటి. ఆ తర్వాతే ఎర్రటి నేల, దాని మీద మనుషులు, దేవుళ్లు, జంతువులు. ఒకప్పుడు ఈ పటాన్ని బారెడు బారెడు విప్పుతూ కథకులు రాత్రంతా కులపురాణం చెప్పేవాళ్లు. ఈ కాలంలో కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు కాబట్టి అదే చెయ్యి చిన్న పటాలు, రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపి చేసే మాస్కులు అమ్ముకుంటోంది. ఆ మాస్కు ధరలో వాళ్ల ఇంటి బియ్యం ఉంది, పిల్లల ఫీజు ఉంది.

నాలుగు టేబుళ్ల అవతల రెండ్రోజుల వర్క్‌షాపులో ‘చేర్యాల ఆర్ట్’ నేర్చుకున్న ఒక హాబీ చిత్రకారిణి అదే ముఖాన్ని ప్లైవుడ్ ముక్క మీద ఎక్రిలిక్‌తో వేసి నూటయాభైకి పెడుతుంది, అదీ ‘ఛారిటీ కోసం’. కొనేవాళ్లకు రెండూ ఒకటే. పైగా ఒకటి చవక, పుణ్యం కూడా. చేర్యాలాయన ఏమంటాడు? “అక్కడ నూటయాభైకే ఇస్తున్నారు, మీరేంటి ఐదొందలంటారు?” అని అడిగినవాళ్లకు చింతగింజల కథ మొదటి నుంచి చెప్పలేడు.

శ్రీకాళహస్తి కలంకారీది ఇంకా పాత గోడు. కరక్కాయ కలిపిన పాలల్లో గుడ్డ నానబెట్టి, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నల్లటి ద్రావకంలో వెదురు కలం ముంచి గీసి, పటిక పెట్టి, స్వర్ణముఖి నీళ్లలో ఉతికి తయారుచేసే ఆ పని అంతరించిపోయే దశలో ఉన్నప్పుడు, చేతివృత్తులకు అండగా నిలిచిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. ఆ చెయ్యి మిగిలింది. కానీ దాని పేరు మీద స్క్రీన్ ప్రింటు గుడ్డలు ఊరూరా అమ్ముడుపోవడాన్ని ఎవరూ ఆపలేకపోయారు. మిషన్ ప్రింటును తిట్టడం తేలిక. అదే పనిని మంచి మనసున్న మనిషి దానం పేరుతో చేస్తే ఎవరూ నోరెత్తరు.

కేంద్ర హస్తకళల శాఖ ‘పెహచాన్’ పేరుతో కళాకారులకు గుర్తింపు కార్డులు ఇస్తుంది. ప్రభుత్వ మేళాల్లో స్టాలు కావాలంటే అది అక్కరకొస్తుంది. హాబీ చిత్రకారులకు ఆ కార్డు ఉండదు, అవసరమూ లేదు. వాళ్లకు పెన్షనుంటుంది, లేదంటే ఇంట్లో ఇంకో జీతం ఉంటుంది. అందుకే వాళ్ల మీద ఒక చిన్న బాధ్యత ఉంది: తాతల నాటి పనిని అనుకరించి అగ్గువకు అమ్మకుండా ఉండడం. నేర్చుకోవచ్చు, ఇంట్లో గోడకు పెట్టుకోవచ్చు, పుట్టినరోజుకి ఇవ్వొచ్చు. సంతలో పెట్టేది మాత్రం తమ కంటితో చూసి తమ చేత్తో వేసిన పిల్లి అయితే, చేర్యాలాయనకు పోటీ ఉండదు, తోడు ఉంటుంది.

అనుకరణ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. తెలుగువాళ్ల స్టాళ్లలో బాపు బొమ్మ లేని చోటు లేదు. చీరల మీద, కప్పుల మీద, గోడ గడియారాల మీద కూడా వాలుజడలే. మన కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. బాపు పోయింది 2014లో, అంటే 2074 చివరి దాకా లెక్క. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, ఆయన బొమ్మలకు 2052 దాకా. 1906లో పోయిన రవివర్మ బొమ్మలు ఎవరైనా వేసుకోవచ్చు. ‘డబ్బు సేవకే ఇస్తున్నాం’ అన్న మాట కాపీ కొట్టిన బొమ్మను అమ్ముకోవడానికి అనుమతి కాదు. అభిమానంతోనే వేస్తారు, నిజమే. ఆ అభిమానానికి ధర చీటీ అంటించినప్పుడే పేచీ.

మరి బొమ్మలతో సేవకు డబ్బు తేవడం అయ్యే పని కాదా? భేషుగ్గా అయ్యే పని. అయిన చోట్ల ఎలా అయిందో చూడాలి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక యూరప్‌లో పాలపొడి, మందులు పంచిన యునిసెఫ్‌కు చెకొస్లొవేకియాలోని రుడాల్ఫో అనే చిన్న పల్లె నుంచి ఒక బొమ్మ వచ్చింది. వేసింది జిత్కా సామ్‌కోవా, ఏడేళ్ల పిల్ల. కాగితం దొరక్క గాజుపలక మీద వేసింది: రంగుల కొయ్య చుట్టూ ఆడుతున్న పిల్లలు. కృతజ్ఞతగా పంపిన ఆ బొమ్మ 1949లో యునిసెఫ్ మొదటి గ్రీటింగ్ కార్డయింది. ఆ దారిలోనే దశాబ్దాల పాటు కార్డులు కోట్ల సంఖ్యలో ప్రపంచమంతా అమ్ముడుపోయాయి, పికాసో లాంటివాళ్ల బొమ్మలు కూడా వాటి మీదికి ఎక్కాయి. మన దేశంలో 1979లో రిప్పన్ కపూర్ అనే విమాన సిబ్బంది ఉద్యోగి, ఆరుగురు స్నేహితులు కలిసి ఒక భోజనాల బల్ల చుట్టూ కూర్చుని 50 రూపాయలతో పిల్లల కోసం ‘క్రై’ సంస్థను మొదలుపెట్టారు. ఒకప్పుడు సంక్రాంతికి, కొత్త సంవత్సరానికి మన ఇళ్లకు పోస్టులో వచ్చిన క్రై కార్డులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఈ రెండు చోట్లా అసలు బొమ్మను చవగ్గా అమ్మెయ్యలేదు. బొమ్మ ఒకటి, కార్డులు వేలు. గోడకు పెట్టుకునే బొమ్మ కొనలేని మనిషి కార్డు కొన్నాడు. మన ఆవిడ పిల్లి కూడా అంతే. అసలు కాన్వాసుకు గట్టి ధర పెట్టి, దాని ఫొటో తీయించి యాభై కార్డులు అచ్చేయిస్తే, ఆరొందలకు బేరమాడే ఆయనకు అరవై రూపాయల కార్డు చేతిలో పెట్టొచ్చు. బేరమూ ముగుస్తుంది, మొహమాటమూ మిగలదు.

సంతకూ సేవకూ లంకె పెట్టడం మనకు కొత్త కాదు. హైదరాబాద్ నుమాయిష్ దానికి పెద్ద రుజువు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఆ ప్రదర్శన, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మనం అక్కడికి వెళ్లేది రజాయిల కోసం, మిర్చి బజ్జీల కోసం, జెయింట్ వీల్ కోసం. కానీ ఆ స్టాళ్ల అద్దె, టికెట్ల డబ్బు ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే విద్యాసంస్థలకు వెళుతుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. అక్కడ స్టాలు పెట్టిన కశ్మీరీ వ్యాపారిని ఎవరూ శాలువా చవగ్గా ఇమ్మనలేదు. ఆయన లాభం ఆయనది, అద్దె సొసైటీది, ఆ అద్దెతో చదువు ఆడపిల్లలది. ఎవరి వాటా ఏమిటో తేలిపోయిన ఏర్పాటు కాబట్టే ఇన్ని దశాబ్దాలు నిలిచింది.

శాంతినికేతన్‌లో ఇంకో పద్ధతి. కళాభవన్‌లో ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో, చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజు ముందు, నందన్ మేళా జరుగుతుంది. 1973లో మొదలైంది. విద్యార్థులు, పాఠాలు చెప్పే పెద్ద కళాకారులు కలిసి మట్టి బొమ్మలు, క్యాలెండర్లు, ప్రింట్లు చేసి స్టాళ్లు పెడతారు. వచ్చిన డబ్బు కష్టంలో ఉన్న విద్యార్థుల సహాయ నిధికి. అక్కడ వస్తువులు చవకే. కానీ మేళా కోసమే, చవగ్గా అమ్మాలనే చేసిన వస్తువులవి. ఏడాదంతా కూర్చుని వేసిన పెద్ద కాన్వాసును సంచీలో పెట్టి సగం ధరకు ఇవ్వరు. ఏది సంత సరుకు, ఏది తన పని అన్నది వాళ్లకు తెలుసు.

బొమ్మలకే ప్రత్యేకించిన సంత కావాలంటే బెంగళూరు చూడాలి. కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డును వాహనాలకు మూసి ‘చిత్ర సంతె’ నడుపుతోంది. ఇంటికో కళాకృతి ఉండాలన్నది దాని ఉద్దేశం. వందల రూపాయల స్కెచ్ దగ్గర్నుంచి లక్షల కాన్వాసు దాకా ఒకే రోడ్డు మీద దొరుకుతాయి. పేరున్నవాళ్లు, విద్యార్థులు, సరదాకి వేసేవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అలాంటి రోడ్డు హైదరాబాద్‌కో విజయవాడకో విశాఖకో ఒకటి ఉంటే, రిటైరైన టీచరమ్మ పిల్లికి తన ఈడుజోడు బొమ్మల పక్కన చోటు దొరుకుతుంది. లడ్డూల పక్కన ఉన్నంతకాలం దాన్ని లడ్డూ ధరతోనే పోలుస్తారు.

సేవాసంస్థల వైపు నుంచి కూడా ఒక అలవాటు మారాలి. వేలం పెడతాం, విందు పెడతాం, ఒక బొమ్మ ఉచితంగా ఇవ్వండి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. హాలు అద్దె కడతారు, కేటరింగ్‌కు అడ్వాన్సు ఇస్తారు, మైకులవాడికి ఇస్తారు. బొమ్మ వేసినవాళ్లకు మాత్రం ‘మీకు మంచి పేరొస్తుంది’ అంటారు. పేరు తిని బతకరు. దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడిన సంస్థ ఒకటుంది. చిన్నప్పుడే పోలియోతో చేతులు పడిపోయిన జర్మన్ చిత్రకారుడు ఎరిక్ స్టెగ్‌మన్ 1950ల్లో, నోటితోనూ కాలితోనూ బొమ్మలు వేసేవాళ్లను కలుపుకుని లీష్టెన్‌స్టైన్ కేంద్రంగా ఒక సంఘం పెట్టాడు. మన దేశంలోనూ దాని కార్డులు, క్యాలెండర్లు వస్తాయి. జాలి పడి విరాళం ఇవ్వండని ఆ సంఘం అడగదు, బొమ్మ నచ్చితే కార్డు కొనమంటుంది. వేసినవాళ్లకు డబ్బు అందుతుంది. చేతులు లేనివాళ్లే తమ పనికి ధర అడిగి తీసుకుంటుంటే, రెండు చేతులూ ఉన్నవాళ్లకు అంత సిగ్గు ఎందుకో అర్థం కాదు.

పన్ను లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. బొమ్మను బొమ్మగా దానం చేస్తే మన ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు రాదు, వస్తువుల దానానికి ఆ వీలు లేదు. అమ్మి, డబ్బు చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో పంపి రసీదు తీసుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, గుర్తింపున్న సంస్థకు ఇచ్చినప్పుడు మినహాయింపు ఉంటుంది. నగదైతే 2,000 రూపాయల దాకానే. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఇంకో మెలిక. అక్కడ 1969 చట్టం తర్వాత చిత్రకారుడు తన బొమ్మను దానం చేస్తే కాన్వాసు, రంగుల ఖర్చు మాత్రమే లెక్కలోకి వస్తుంది. అదే బొమ్మను కొనుక్కుని దాచుకున్నవాడు తర్వాత మ్యూజియానికి ఇస్తే మార్కెట్ ధరకు మినహాయింపు పొందొచ్చు. తన సంగీతపు రాతప్రతులను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇస్తూ వచ్చిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ ఆ చట్టం వచ్చాక ఇవ్వడం మానేశాడు. చేసిన చేతికి విలువ లేదనీ, కొన్న చేతికి ఉందనీ చెప్పే చట్టం అది.

ఇదంతా విని ఒక మాట అంటారు: “సరదాకి వేసుకునే బొమ్మలకు ఈ లెక్కలన్నీ ఎందుకు? ధరలు చూసుకుంటూ కూర్చుంటే సరదా ఎక్కడ మిగులుతుంది?” ఈ మాటలో నిజం ఉంది. రంగు కలిపేటప్పుడు రూపాయి గుర్తొస్తే ఆ రంగు తేలిపోతుంది. అమ్మకపోతే ఏ లెక్కా అక్కర్లేదు. వేసి బీరువా మీద పెట్టుకోవచ్చు, వదినకు ఇవ్వొచ్చు, పని మనిషి కూతురు అడిగితే సంతోషంగా ఇచ్చెయ్యొచ్చు. అది కానుక. అసలు బొమ్మను అమ్మకుండానే సేవ చేసే దారులు కూడా ఉన్నాయి. అంగన్‌వాడీ గోడ మీద అ–అమ్మ, ఆ–ఆవు వేసి రావడం, పిల్లల వార్డులో మంచాల ఎదుటి గోడను అడవిగా మార్చడం, శని, ఆదివారాలు వసతి గృహంలో పిల్లలకు రంగులిచ్చి వేయించడం. అక్కడ మీరిచ్చేది డబ్బుగా మార్చలేని పని. ఆరొందల పిల్లి కంటే అది ఆ పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

కానీ టేబుల్ వేసి, ధర చెప్పి, డబ్బు చేతిలోకి తీసుకున్న క్షణం అది కానుక కాదు, వ్యాపారం. దాని మర్యాద దానిది. ఎంతకు అమ్ముతున్నాం, అందులో ఎంత ఎవరికి వెళుతుంది అన్నది బోర్డు మీద అంకెల్లో ఉండాలి. ‘వచ్చిన మొత్తం’, ‘లాభం’, ‘కొంత భాగం’ అనే మూడు మాటలకూ అర్థాలు వేరు. మూడూ చదివేవాళ్లకు ఒకేలా వినిపిస్తాయి. ఏ వసతి గృహానికి ఇస్తున్నారో, పోయినసారి ఎంత ఇచ్చారో, రసీదు నకలు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేబుల్ మీద ఉంచితే ఇంకా మంచిది. అది చూసి బేరం ఆపేసేవాళ్లు ఉంటారు.

మళ్లీ ఆ షామియానా కిందికి వద్దాం. మూడు నెలల తర్వాత ఇంకో ఆదివారం అనుకుందాం. అదే టేబుల్, ఇంకో పిల్లి. ఈసారిది కిటికీలో కూర్చుంది. పక్కన చిన్న బుట్టలో కార్డులు, ఒక్కోటి 60 రూపాయలు. బోర్డు కొత్తది: ‘ధర 2,700. ఇందులో 700 పిల్లల వసతి గృహానికి.’ వచ్చినాయన ఈసారీ కాన్వాసు వెనక్కి తిప్పి చూశాడు, చెక్కను వేలితో తట్టాడు, బోర్డు చదివాడు.

“మరి మిగతా రెండు వేలు?”

“కాన్వాసుకి, రంగులకి, ఫ్రేముకి, ఈ టేబుల్ అద్దెకి. మిగిలింది నాకండీ.”

ఆయన కాసేపు పిల్లి వంక చూసి, బుట్టలోంచి రెండు కార్డులు తీసుకుని, నూటిరవై రూపాయలు ఫోన్‌లో కొట్టి వెళ్లాడు. ఆవిడ ఒక చిన్న నోట్‌బుక్ తెరిచి, తారీఖు వేసి, ఆ నూటిరవైని రాసుకుంది.